పెళ్లాం రేటు

భైంసాలో పురోహితుడు గాని, ఖాజీ గాని పెళ్లి చేసేటప్పుడు పిల్లగాడి జీతం చీటీ అడగరు. కట్నం కాడ కూర్చున్న పెద్దమనుషులు అడుగుతారు, అది వేరే సంగతి. ఆ పిల్లగాడు దుబాయిలో దిగి ‘నా భార్యను పిలిపించుకుంట’ అన్ననాడు మాత్రం సర్కారే అడుగుతుంది. నెలకు 4,000 దిర్హాములుంటే భార్య వస్తుంది. ఇల్లు కంపెనీ ఇస్తే 3,000 చాలు. అంతకు తక్కువైతే ఫోనులో చూసుకోవాలి. కువైట్ ఇంకొంచెం పరువు గల దేశం. 2024లో కుటుంబ వీసాలు మళ్లీ తెరుస్తూ 800 దినార్ల రేటు పెట్టింది. సౌదీ రమ్మన్నవాళ్లను ఊరికే ఉండనీయదు, ఉన్నందుకు వసూలు చేస్తుంది. 2017లో తలకు నెలకు 100 రియాళ్లతో మొదలుపెట్టి 2020 నాటికి 400కు తెచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే నెలకు 1,200. తిండికి కాదు, ఇంటి కిరాయికి కాదు, ఆ దేశపు గాలి పీల్చినందుకు.

ఇక మన ఢిల్లీ కట్టిన ధర చూడండి. 2020 సెప్టెంబరులో, కరోనాతో జనం కొలువులు పోయి తిరిగొస్తున్న రోజుల్లో, కేంద్రం గల్ఫ్‌కు పోయే కూలీల కనీస జీతాల పట్టీ మీద కత్తెర వేసింది. యూఏఈ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు, సౌదీకి 324. మన మనిషి పిరమైతే షేకులు పక్క దేశపు మనిషిని కొనుక్కుంటారని బెంగ. 324 డాలర్లంటే 1,215 రియాళ్లు. అందులో ఆ 1,200 కట్టేస్తే పదిహేను మిగులుతాయి. ఆ పదిహేనుతో నలుగురున్న కుటుంబం రియాద్‌లో నెలంతా రాజాలా బతకొచ్చు. దుబాయి లెక్క ఇంకా ముచ్చటైనది. 200 డాలర్లంటే 734 దిర్హాములు. నలుగురు మొగుళ్లు జీతాలు ఒక్క చోట పోసినా ఒక్క పెళ్లాం రాదు. గల్ఫ్ కార్మికుల పక్షాన నిలబడ్డవాళ్లు మొత్తుకుని, తెలంగాణ హైకోర్టు మెట్లెక్కిన తర్వాత 2021లో ఆ కోత సర్క్యులర్లు వెనక్కి పోయాయి, పాత జీతాలు వచ్చాయి. పాత జీతాలకూ పెళ్లాం వచ్చేది కాదన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంత లెక్క ఎందుకంటే, పరాయి దేశంలో గొడ్డుచాకిరీ చేసే భర్తకు భార్య ఎట్లా అండగా ఉండాలో చెప్పే పెద్దలు ఈమధ్య ఎక్కువయ్యారు. అలసి వచ్చేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంచాలట. పని ఒత్తిడిని అర్థం చేసుకోవాలట. వారంలో కొంత సమయం ఇద్దరికే కేటాయించుకోవాలట. ఆమెకంటూ ఒక అభిరుచి ఉండాలట.

అభిరుచి ఉంది సార్. బీడీలు చేస్తుంది.

ఒడిలో చాట. చాటలో తంబాకు, కత్తిరించి పెట్టిన తునికాకు, దారం. ఎదురుగా గోడకు ఆనించిన ఫోను. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా దుబాయిలో ఎండలో చేసే పనిని 12:30 నుంచి 3 దాకా ఆపాలని నిబంధన. మన గడియారంలో అది 2 నుంచి 4:30. ఆ రెండున్నర గంటల్లోనే ఆయన తిండి, ఆయన కునుకు, ఆయన కాపురం.

‘తిన్నవా?’

‘తిన్న. మిత్తి కట్టినవా?’

‘మహిళా సంఘంల తెచ్చి కట్టిన.’

‘మరి సంఘానికి?’

‘పత్తి అమ్మినంక సూద్దాం. పోరనికి ఫీజు కట్టమంటున్నరు.’

ఇంత మాట్లాడినా ఆమె చేతులు ఆగవు. ఇరవై ఐదు బీడీలకొక కట్ట పడుతూనే ఉంటుంది. ఇద్దరికే కేటాయించిన సమయం అన్నారే, అది ఇదే. నడుమ నడుమ నెట్టు ఆగిపోయి ఆయన నోరు తెరిచి కదలకుండా ఉంటాడు, ఆమె ఆ గడియలో ఇంకో రెండు బీడీలు చుడుతుంది.

ఏజెంటుకు పోసిన పైసలు ఎక్కడివని పెద్దలు ఎన్నడన్నా అడిగారా? ఆమె మెడలోది కుదువ పెట్టారు, సంఘంలో అప్పు ఆమె పేరు మీద తీశారు, చాలనిదానికి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. ఇంకే వ్యాపారంలోనైనా ఇంత పెట్టుబడి పెట్టినావిడకు కుర్చీ వేసి లెక్కలు చూపిస్తారు. ఇక్కడ ఆమెను ‘డిపెండెంట్’ అంటారు, ఆ ముద్ర కొట్టించుకోవడానికి కూడా జీతం చాలదంటారు.

అమెరికా పోయిన అక్కలు నవ్వుకోనక్కర్లేదు. హెచ్-4 వీసా మీద దిగిన ఇంజినీరమ్మ భర్త పక్కన ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు. 2015 మేలో ఆ తలుపు కొంచెం తెరిచారు, అదీ భర్త గ్రీన్ కార్డు వరుసలో కొంత దూరం నడిచాకే. భైంసా ఇల్లాలు పని చేయొచ్చు, నడుం విరిగేదాకా చేయొచ్చు, పక్కన ఉండకూడదు. పెద్ద పెద్ద దేశాలు ఆలోచించి ఆలోచించి ఆడదానికి ఈ రెండింట్లో ఒక్కటే ఇచ్చాయి.

ఇక స్వరాష్ట్రం. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని ఉద్యమం నాడు మన బతుకును మూడు ముక్కల్లో చెప్పుకున్నాం. 2014లో తెలంగాణ వచ్చింది, 2016లో భైంసా ఆదిలాబాద్ జిల్లా నుంచి నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. మొగుడొక్కడే రాలేదు. ఒంటరి మహిళలకు 2017 నుంచి పింఛను ఉంది, ఈమెకు వర్తించదు. మొగుడున్నాడు కదా, ఫోనులో. 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మంచిదే, ఏండ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. శవపేటికను శంషాబాద్ నుంచి ఊరికి చేర్చే అంబులెన్సూ ఉచితమే. బతికుండి ఛుట్టీ మీద దిగినవాడు మాత్రం బస్టాండులో సూట్‌కేసు మీద కూర్చుని, తాడు కట్టిన అట్టపెట్టె పక్కన పెట్టుకుని, భైంసా బస్సు ఎప్పుడని అడుక్కోవాలి.

సలహాలిచ్చే దురద తీరకపోతే ఢిల్లీకి ఇవ్వండి. కనీస జీతాల పట్టీ ఈసారి రాసేటప్పుడు ఆ దేశపు కుటుంబ వీసా రేటు పక్కన పెట్టుకుని రాయమనండి. ఒకదానికొకటి అందకపోతే షేకుతో బేరమాడమనండి. బ్యారెల్ చమురుకు గంటల తరబడి బేరమాడే మన అధికార్లకు ఇది రాని విద్యేం కాదు. అదీ వద్దంటారా, ఒప్పంద పత్రం అడుగున ఒక్క ముక్క అచ్చు వేయించండి, మావాళ్లు విమానం ఎక్కకముందే చదువుకుంటారు: ‘పెళ్లయినవారు అర్హులు. పెళ్లాలు కారు.’