ఎంపిక స్వీకృతం పేరెత్తకుండా పాఠం లాగించడం ఎలా?

వాస్తవ విశ్లేషణ చెప్పే మాస్టార్లకు మొదటి చిట్కా: "ప్రతి సహజ సంఖ్యకూ ఒక బిందువును తీసుకుందాం" అని రాసి, వెంటనే బోర్డు తుడిచేయండి. ఎవరు తీశారు, ఏ నియమంతో తీశారు అని అడిగే వ్యవధి ఇవ్వకూడదు. సమితుల అనంత వరసలోంచి ఒక్కొక్క వాస్తవ సంఖ్యను ఏరాలి, ఏరడానికి నియమం లేదు అంటే గణనీయ ఎంపిక స్వీకృతం కావాలి. అది సిలబస్‌లో లేదు గనక అక్కర్లేనట్టే.

అవిచ్ఛిన్నత దగ్గర జాగ్రత్త. "అనుక్రమాలతో సరిచూస్తే చాలు, ఎప్సిలాన్-డెల్టా దానంతటదే వస్తుంది" అనేయండి. తెలివైన పిల్ల లేచి "ఒక్క బిందువు దగ్గరా, రేఖ అంతటా?" అంటే, ఒక్క బిందువైతే మరీ తేలికని గద్దించి కూర్చోబెట్టండి. నిజం తలకిందులు. రేఖ అంతటా అనుక్రమాల షరతు ఉంటే అకరణీయ సంఖ్యలతో పని జరిగిపోతుంది: వాటిని ముందే వరసలో పెట్టుకుని, ప్రతిసారీ పనికొచ్చే మొట్టమొదటిదాన్ని తీసుకోవచ్చు. ఒక్క బిందువు దగ్గరే ఆ షరతు ఉంటే అకరణీయాలు ఆదుకోవు. అక్కడ "అనుక్రమాలు చాలు" అన్న ఆ చిన్న వాక్యమూ, వాస్తవ సంఖ్యల సమితులకు గణనీయ ఎంపికా ఒకదాన్నుంచి ఒకటి వస్తాయి. ఇదంతా పిల్లలకెందుకు?

స్వీకృతం పేరు బొత్తిగా ఎత్తకపోయినా అనుమానమే. కాబట్టి అక్కర్లేని చోట ఎత్తండి. శూన్యం కాని సంవృత సమితులు వరసగా ఇస్తే, ప్రతిదాంట్లో సున్నాకి అతి దగ్గరిదాన్ని, అలాంటివి రెండుంటే ధన సంఖ్యను తీసుకుంటే సరి. మీరు మాత్రం జెర్మెలోకు దణ్ణం పెట్టుకునే మొదలెట్టండి.

పెద్దలు వేసిన బాటే ఇది. జెర్మెలో 1904లో స్వీకృతాన్ని ప్రకటిస్తే, మరుసటి ఏడు బేర్, బొరెల్, లెబేగ్ ఉత్తరాల్లో ససేమిరా అన్నారు. 1918లో సియర్‌పిన్‌స్కీ తవ్వి చూస్తే, లెబేగ్ సొంత కొలత సిద్ధాంతంలోనే అది గుట్టుగా కాపురం చేస్తోంది.

ఎంపిక స్వీకృతం చెల్లని ఫెఫర్‌మన్, లెవీల నమూనాలో వాస్తవ సంఖ్యలన్నీ కలిపి గణనీయ సమితుల గణనీయ సమ్మేళనం. ఆ మాట క్లాసులో వద్దు.

ఇంకెవరో కోయెన్ నమూనా తెస్తారు: అక్కడ వాస్తవ సంఖ్యల అనంత సమితి ఒకటుంది, దాంట్లోంచి వేర్వేరు సంఖ్యల అనంత అనుక్రమం తీయలేమంటారు. జంకొద్దు. అంత అనంతమైతే ఒక్క అనుక్రమం తీసి చూపమనండి. తీయలేకపోతే వాదన మీరు గెలిచినట్టే.