షార్డొనేకి కొన్ని తలకిందుల సలహాలు

షార్డొనే ద్రాక్ష మీద నాకు ప్రాణం. అందుకే ఈ నాలుగు మాటలు. వింటే తలకిందులుగా అనిపిస్తాయి, అయినా పాటించండి.

ఏప్రిల్‌లో గడ్డకట్టే చలి పడే రాత్రి లేత చిగుళ్ల మీద నీళ్లు కొట్టండి. ఫ్రాన్స్‌లో షాబ్లీ రైతులు చేసే పని ఇదే. షార్డొనేది తొందరపాటు తీగ. చాలా రకాల కన్నా ముందే చిగురేసి చలికి దొరికిపోతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడి వదులుతుంది. ఆ వేడితోనే చిగురు సున్నా డిగ్రీల దగ్గర నిలబడుతుంది. తెల్లారి చూస్తే ఒక్కో చిగురూ గాజులో పొదిగినట్టు మంచుగడ్డలో పచ్చగా మెరుస్తుంటుంది. ఒక్కటే షరతు: గడ్డ కరిగేదాకా నీళ్లు ఆపకూడదు. మధ్యలో ఆపారా, ఆ గడ్డే చిగురును చంపేస్తుంది. 2021 ఏప్రిల్ చలికి షాబ్లీ ఉన్న బర్గండీ ప్రాంతంలో బాగా దెబ్బతిన్నది ముందే చిగురేసిన షార్డొనేనే.

ఎండలు దంచి కొడుతుంటే సంబరపడకండి. ద్రాక్ష పులుపంతా ముఖ్యంగా టార్టారిక్, మాలిక్ అనే రెండు ఆమ్లాలది. వేడి ఎక్కువైతే కాయ తన మాలిక్‌ను తానే ఖర్చుపెట్టేసుకుంటుంది. చక్కెర మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్. పులుపు పోయి ఆల్కహాల్ పెరిగిన వైన్ నాలుక మీద బరువుగా కూర్చుంటుంది. అది నాకు షార్డొనే కాదు. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోత తేదీల లెక్క 1354 నుంచి ఉంది. 1987 దాకా సగటున సెప్టెంబర్ 28. ఆ తర్వాత వేడి పెరిగి అది 13 రోజులు ముందుకు జరిగింది. 2003లోనైతే ఆగస్టులోనే కత్తెరలు పట్టారు.

తీపి కొలిచే పరికరం చూపించే అంకెను చూసి కోత పెట్టకండి. నమిలి చూడండి. ఎండవైపు కాయా, నీడవైపు కాయా, రెండూ. గింజ పచ్చిగా ఉంటే నాలుకకు వగరు తగులుతుంది. గోధుమరంగు తిరిగిన గింజ పటుక్కున విరుగుతుంది. పళ్లు పులిసేంత పులుపు వద్దు, నోట్లో నీళ్లూరేంత ఉండాలి. ఆవకాయ పెట్టేముందు మా అమ్మమ్మ మామిడి ముక్క కొరికి చూసి గానీ కత్తిపీట ముట్టేది కాదు. కాయ ఎంపికలో నాకు మొదటి గురువు ఆమే.

బుడగల వైన్ చేసే షాంపేన్ ప్రాంతం వాళ్లు ఇదే షార్డొనేని ఇంకా ముందే కోస్తారు. సీసాలో రెండోసారి పులిసినప్పుడు ఆల్కహాల్ మరో శాతం పైగా పెరుగుతుంది కాబట్టి వాళ్లకు ఆ పులుపు కావాలి, ఆ తక్కువ తీపే చాలు.

వేడి ప్రాంతమైతే నిద్ర మానుకుని రాత్రే కోయండి. కాలిఫోర్నియాలో చాలాచోట్ల దీపాలు పెట్టుకుని అలాగే కోస్తారు. చల్లగా గానుగకు చేరిన కాయ రసం త్వరగా రంగు మారదు, వాసన పోదు.

కూలీలు దొరికిన రోజనో, పక్క తోటలో మొదలైందనో కోత పెట్టుకోకండి. చివరి రెండు వారాలూ పొద్దున్నే తోటలోకి వెళ్లి, రోజూ కాయ కొరికి చూడండి.