పెట్టుబడి లేని వ్యాపారం

మా ఇంట్లో కొంతకాలంగా జరుగుతున్న అన్యాయాన్ని పెద్దల దృష్టికి తేవడం ఇల్లాలిగా నా విధి. మా ఆయన ఈ-బుక్కుల వ్యాపారంలోకి దిగారు. ఆఫీసు నుంచి వచ్చాక రాసుకుని, తనే ప్రచురించుకుని, పైరాబడి గడిస్తారట. కాగితం ఖర్చు లేదు, ప్రెస్సు గొడవ లేదు, అమ్ముడుపోని కట్టలు మంచం కింద చేరవు, పైసా పెట్టుబడి అక్కర్లేదన్నారు. నిజమే, ఆయన పైసా పెట్టలేదు. పెట్టుబడి అంతా నేనే.

సరుకు ఒక డిటెక్టివ్ నవల. ఎప్పుడో డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో కొట్టించి దాచుకున్నది. ఈ-బుక్కుకి యూనికోడ్ కావాలట. కన్వర్టర్లో వేసి తీస్తే వత్తులన్నీ ఎటో పోయాయి. హత్య కాస్తా ‘హతయ’ అయింది. హతుడి పక్కన ‘కతి’ దొరికింది. ఇన్‌స్పెక్టర్ విశ్వం ‘విశవం’ అయిపోయి, ఎవరు పోలీసో ఎవరు శవమో తెలీకుండా పోయింది. బియ్యంలో రాళ్లేరినట్టు ఈ తప్పులేరే పని నాకు పడింది. ‘నీ తెలుగు బాగుంటుంది’ అన్నారు, నా కూర కూడా ఎన్నడూ బాగుందనని మనిషి.

అట్టబొమ్మకి నా తెల్ల మంగళగిరి చీర పరిచి, కూరలు తరిగే కత్తి పెట్టి, కుంకుమ నీళ్లు చిలకరించి ఫొటో తీశారు. బొమ్మ బాగానే కుదిరింది. చీర మరక మాత్రం ఏ సబ్బుకీ లొంగలేదు.

ప్రపంచమంతా అమ్ముతామన్నారు. 2016 డిసెంబరులో కిండిల్ అయిదు భారతీయ భాషలకి తలుపు తీసింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో మనం లేం. పక్కింటి తమిళావిడ దగ్గర ఈ ప్రస్తావన తేకూడదని నాకు ఆంక్ష. చివరికి ఓ చిన్న తెలుగు సైటుతో సరిపెట్టుకున్నారు.

ఇక పన్ను సంగతి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చులో కూడా ఉన్న పుస్తకం ఈ-బుక్కుగా వస్తే 5 శాతమని 2018లో తగ్గించారు. అచ్చే కానిదానికి 18 శాతం అలాగే ఉంచారు. ఎవరూ అచ్చెయ్యని రచన మీదే ఎక్కువ వడ్డించాలని ఢిల్లీలో ఎవరికి తోచిందో గానీ, వారు మా ఆయన మొదటి అధ్యాయం చదివే ఉంటారు.

ధర 60 రూపాయలు. పన్ను పోగా, సైటు వాటా పోగా మిగిలిందే రాయల్టీ. అదైనా ఇంత మొత్తం పోగయితే గాని బ్యాంకులో వెయ్యరు. ఇంకా పోగవలేదు. రోజూ రాత్రి అమ్మకాల లెక్క తెరిచి చూసుకుంటారు. ఆ చూడ్డానికయ్యే నెట్ బిల్లు నా ఇంటి పద్దులోనిది. ఐఎస్‌బీఎన్ మాత్రం మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. గ్యాస్ కనెక్షన్ నంబరు ఏనాడూ గుర్తుండని ఈయన ఆ 13 అంకెలూ గడగడా అప్పజెబుతారు.

సమీక్షల కోసం చుట్టాలందరికీ వాట్సాప్‌లో లింకు పంపించారు. మా ఆడపడుచు మొగుడు అయిదు నక్షత్రాలిచ్చి ‘అద్భుతం బావగారూ’ అని రాశాడు. హంతకుడెవరో చెప్పు తమ్ముడూ అంటే సిగ్నల్ లేదన్నాడు.

ఇప్పుడు రెండో భాగం మొదలైంది. ఈసారి ఎవరిని చంపితే బాగుంటుందని నన్నే సలహా అడిగారు. రచయితనైతే కథ రక్తి కడుతుందన్నాను. ఆలోచన బాగుందంటూ రాసుకున్నారు.