వీపు లేని పెట్టె, పొట్ట లేని బేస్

బేస్ గిటార్ స్పీకరు పెట్టెకు వెనక పలక ఊడదీస్తే శబ్దం ఊపిరి పీల్చుకుంటుందట. మూసిన పెట్టెలో పాపం ఉక్కిరిబిక్కిరి అయిపోతోందట. పాత ఆంప్‌ల మీద మోజున్నవాళ్లు గట్టిగా నమ్మే సిద్ధాంతం ఇది. శబ్దానికి ఆయాసం ఉందన్న సంగతి ఇన్నేళ్లూ ఏ భౌతికశాస్త్ర మాస్టారూ చెప్పకపోవడం అన్యాయమే.

మాస్టార్లు చెప్పింది వేరే. కోన్ ముందుకు తోసినప్పుడు ఎదుట గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పల్చబడుతుంది. పై స్వరాల్లో ఈ రెండూ ఎవరి దారిన అవి పోతాయి. కింది స్వరాల్లో మాత్రం ఎదురెదురుపడి కొట్టేసుకుంటాయి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. దాని తరంగం పొడవు 8 మీటర్ల పైచిలుకు. దానికి అరవై సెంటీమీటర్ల పెట్టె అసలు అడ్డే కాదు. ఆంప్, స్పీకరు కలిసుండే మామూలు కాంబో సైజు పెట్టెలో సుమారు వంద హెర్ట్జ్ దిగువన నష్టం మొదలై, ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్ చొప్పున పెరుగుతుంది. వినాయక చవితికి డీజే పెట్టెలు కట్టే వడ్రంగిని అడగండి, సందుల్లో జిగురు ఎందుకు కూరుతున్నాడో చెబుతాడు.

అయినా మన సిద్ధాంతి తగ్గడు. బేస్ నాబ్ చివరిదాకా తిప్పుతాడు. 12 డెసిబెల్ ఎక్కువ కావాలంటే ఆంప్ దాదాపు 16 రెట్ల వాట్లు పోయాలి. మూసిన పెట్టెలోనైతే లోపలి గాలి స్ప్రింగులా కోన్‌ను పట్టి ఉంచేది. ఇక్కడ ఆ అదుపు లేదు. కింది తీగ గట్టిగా మీటగానే కోన్ ఎలా కొట్టుకుంటుందో కళ్లారా చూడొచ్చు, పలక అడ్డం లేదు కదా! అంచు మడత పూర్తిగా సాగిపోయి, వాయిస్ కాయిల్ వెళ్లి మాగ్నెట్ అడుగున ఉన్న ఇనుముకు తగిలి ‘టక్’మంటుంది. ఆ టక్కును ‘పంచ్’ అని మెచ్చుకునే రసికులూ ఉన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇక చరిత్ర సాక్ష్యం పట్టుకొస్తారు: ‘ఫెండర్ బేస్‌మన్ వెనక తెరిచే ఉండేది కదా?’ ఉండేది. 1951లో వచ్చిన ప్రెసిషన్ బేస్‌కు తోడుగా 1952లో ఆ ఆంప్ పుట్టింది. ఆ దశాబ్దం చివరికి నాలుగు పదంగుళాల స్పీకర్లతో, తెరిచిన వెనకతో ప్రసిద్ధికెక్కింది. అయితే దాన్ని నెత్తిన పెట్టుకున్నది బేసిస్టులు కాదు, గిటారిస్టులు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపు జేటీఎం45 ఆంప్‌కు నమూనాగా తీసుకున్నదీ దాన్నే. ఈలోగా ఫెండరే 1961 నాటికి బేస్‌మన్‌కు మూసిన విడి క్యాబినెట్ ఇచ్చేసింది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీకి జోడీగా నిలిచిన ఎనిమిది పదంగుళాల పెట్టె కూడా మూసినదే. సాక్షి ఎప్పుడో మాట మార్చేశాడు, వకీలుకే ఇంకా కబురు అందలేదు.

వాళ్ల వాదనలో ఒక్కటి మాత్రం నిజం. బేస్ స్వరంలో మూలం కన్నా దాని రెట్టింపు హార్మోనిక్, అంటే 82 హెర్ట్జ్, చాలాసార్లు బలంగా ఉంటుంది. మూలం బలహీనంగా ఉన్నా చెవి దాన్ని పూరించుకుంటుంది. మంచిదే. కానీ ఆ 82 కూడా పై లెక్క ప్రకారం నష్టాల జాబితాలోనే ఉంది. చెవి ఎన్నని పూరించుకుంటుంది?

తెరిచిన పెట్టెతో బేస్ అసాధ్యమని కాదు. విశాలమైన బ్యాఫిల్ (స్పీకరు బిగించే పలక), దూరం కదలగల 15, 18 అంగుళాల డ్రైవర్లు రెండో మూడో, జాగ్రత్తగా లెక్కగట్టిన ఈక్వలైజేషన్, మితమైన వాల్యూమ్: వీటితో ఇళ్లలో హైఫై అభిమానులు చక్కగానే వింటున్నారు. పోయినదెంతో లెక్కగట్టి, దానికి మూల్యం కట్టారు కాబట్టి అది డిజైన్ అయింది. స్క్రూడ్రైవర్ పట్టుకుని పలక ఊడదీయడం డిజైన్ కాదు, గదిలో చెత్త పెంచడం.

ఇంతకీ ఆ ఊడదీసిన పలకను పారేయకండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, ఓ డజను స్క్రూలు: ఇంతకన్నా చవకైన బేస్ బూస్టర్ ఇంకా ఏ కంపెనీ మార్కెట్లోకి తేలేదు.