నా పేరు పోస్టర్ మీద ఉండదు

నేను డప్పును. కట్టె చట్రానికి చింతగింజల బంకతో మేకతోలు బిగించి చేశారు. అడిక్‌మెట్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పిల్లల గదిలో మేకుకు వేలాడుతుంటాను. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల ఉండాలి. గడ్డిమంట మీద కాపకపోతే తోలు బిగవదు, నేను పలకను. వానాకాలమైతే పాట పాటకూ కాపాల్సిందే.

మా జాతిని ఒకప్పుడు చావుకీ జాతరకీ చాటింపుకీ పిలిచేవాళ్లు. పని తీరితే మళ్లీ మాదిగవాడకే. సభావేదిక ఎక్కించింది విప్లవ పాటల బృందం జననాట్యమండలి. అల్వాల్‌లో బి. నర్సింగరావు పెట్టిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ దానికి మూలం. తూప్రాన్ కుర్రాడు గుమ్మడి విఠల్‌రావు అక్కడ బుర్రకథలు చెప్పాడు. 1972లో అదే జననాట్యమండలి అయింది. పాటల పుస్తకానికి పెట్టిన 'గద్దర్' పేరు ఆయనకే అతుక్కుపోయింది. ఉత్తరాంధ్ర నుంచి షిప్‌యార్డు ఫిట్టరు వంగపండు ప్రసాదరావు జతకలిశాడు. గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు. ఒకరు అందుకుంటే ఇద్దరు వంత. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో వాళ్ల సభకు ఇసుకేస్తే రాలనంత జనం.

గద్దర్, వంగపండు అందరికీ తెలుసు. మండలిలో వాళ్ల వెంట ఉన్న సంజీవ్, దివాకర్ అంటే? డప్పు రమేశ్‌కైతే మా పేరే ఇంటిపేరైంది, అయినా ఎందరికి గుర్తు? నాకు అక్కడే మంట.

గదిలో ఒకడికి అమెరికా పాటల పిచ్చి. ఫోన్‌లో బాంజో వినిపించి "ఇది మన డప్పుకు సుట్టమేరా" అన్నాడు. అవును మరి, అదీ చట్రానికి బిగించిన తోలే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాద్యం. వాడు చెప్పే పాటగాడు బిల్ మన్రో తన బృందం 'బ్లూ గ్రాస్ బాయ్స్'తో నాష్‌విల్ రేడియో కార్యక్రమానికెక్కింది 1939 అక్టోబరులో. 1996లో మన్రో పోయేలోగా ఆ బృందంలో వందమందికి పైగా వాద్యగాళ్లు మారారట. పేరు మాత్రం ఆయనదే. అక్కడా ఇదే కథ!

వంగపండు 2020లో, గద్దర్ 2023లో పోయారు. దరువు పోలేదు. తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు మావాళ్లు ఎన్నిసార్లు మోగారో! అప్పుడు కాపినవాళ్లు వేరు, వాయించినవాళ్లు వేరు.

మొన్న సంస్మరణ సభ పోస్టర్ వచ్చింది. పాటగాళ్ల ఫొటోలు పెద్దపెద్దవి. నన్ను వాయించే పిల్లవాడి పేరు లేదు. వాడేమీ అనలేదు గానీ గదికొచ్చిన ఒకమ్మాయి ఊరుకోలేదు.

"గీ పోస్టర్లు పక్కన పెట్టుండ్రి. వాని పేరు పెట్టి మల్ల అచ్చేయించుండ్రి" అంది.