బంతి లేచాక విస్తరి

మొత్తానికి వచ్చేసింది, బీఎస్ఎన్ఎల్ 4జీ. ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభిస్తుంటే టీవీ ముందు నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. మా మనవడు గేమ్‌లోంచి తలెత్తకుండానే అడిగాడు: "తాతయ్యా, 4జీ అంటే పాతది కదా?" జియో 4జీ, వాడూ 2016లోనే పుట్టారు. ఇద్దరికీ అప్పటికే తొమ్మిదేళ్లు నిండాయి. ఊరంతా తిని, చేతులు కడుక్కుని, 5జీ కిళ్ళీ కూడా వేసుకున్నాక మనవాళ్లు విస్తరి పరిచారు.

స్వదేశీ అంటున్నారు. నిజమే. సీ-డాట్, తేజస్, టీసీఎస్ ఇంజనీర్లకు వెయ్యి దండాలు. నా గొడవ వాళ్లతో కాదు.

నా గొడవ ఆ లోగోతో. చూసినప్పట్నుంచీ నన్ను నిద్రపోనివ్వడం లేదది. 2024 అక్టోబరులో మార్చారు కదా: కాషాయ వృత్తం, మధ్యలో దేశపటం. 'కనెక్టింగ్ ఇండియా' పోయి 'కనెక్టింగ్ భారత్' వచ్చింది. అయ్యా, ఆ కంపెనీ పేరేమిటి? భారత్ సంచార్ నిగమ్. 2000లో బారసాల చేసినప్పుడే భారత్ అని పెట్టారు. ఇప్పుడు దాని కిందే మళ్ళీ భారత్! వెంకటేశ్వర్లు అనే పెద్దమనిషి జబ్బ మీద 'వెంకటేశ్వర్లు' అని పచ్చబొట్టు పొడిపించుకున్నట్టుంది, ఎక్కడ తప్పిపోతాడో అని.

దీని కోసం ఎవరో మీటింగు పెట్టుకునే ఉంటారు. టీలు, సమోసాలు వచ్చే ఉంటాయి. 'ఇండియా' అంటే అందని సిగ్నలు 'భారత్' అనగానే పరుగెత్తుకొస్తుందని ఒకరు అని ఉంటారు, మిగతావాళ్లు తలూపి ఉంటారు. చాలదన్నట్టు కింద ఇంకో మూడు మాటలు చేర్చారు: భద్రం, చవక, నమ్మకం. మా పాలవాడు క్యాను మీద 'నీళ్లు కలపబడవు' అని రాయించిన రోజే మా ఆవిడ పాలు మానిపించింది.

రంగుదేముందిలే అనకండి. ఇల్లు కూలుతుంటే పునాది చూడకుండా గోడకి వెల్ల వేయించేవాణ్ణి ఏమనాలి? 2004-05లో పదివేల కోట్లకు పైగా లాభం చూసిన సంస్థ ఇది. దానంతట అది పడిపోలేదు. 2010లో 9.3 కోట్ల లైన్ల టెండరు రద్దయింది. అదే ఏడాది వేలంలో నిలబడకపోయినా వేలం ధర చొప్పున 3జీ స్పెక్ట్రమ్‌కి పదివేల కోట్లపైన కక్కించారు. అప్పుడున్నది ఒక పార్టీ. తర్వాత వచ్చిన పార్టీ 4జీ స్పెక్ట్రమ్ ఇవ్వాలని 2019 దాకా అనుకోలేదు. 2020లో వేసిన 4జీ టెండరూ చింపేశారు. ప్రైవేటువాళ్లేమో అప్పటికే కొరియా, స్వీడన్ పరికరాలతో దేశమంతా అల్లేసుకున్నారు. కాళ్లు కట్టేసి పందెంలోకి తోసి, ఓడిపోయాక "ప్రభుత్వ సంస్థలింతేనండీ" అని పెదవి విరిచింది కూడా ఆ పార్టీలవాళ్లే. సిగ్గుండాలి.

2020 జనవరి 31న ఒక్క రోజులో 78,569 మంది స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇంటికి వెళ్లారు. అది స్వచ్ఛందమట! తుపాను వెళ్లిన మర్నాడు స్తంభమెక్కి తీగలు ముడివేసిన చేతులవి. ఆ మనుషుల్ని పంపేశాక 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో మరో 89 వేల కోట్లు ప్యాకేజీలు. డబ్బు లేక కాదన్నమాట.

2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచగానే ఆ ఒక్క నెలలో దాదాపు 29 లక్షల మంది కొత్తగా ఇటు వచ్చారు. జనం తలుపు దాకా వచ్చి నిలబడ్డారు. అప్పటికి దేశమంతటా బీఎస్ఎన్ఎల్ 4జీ లేదు. నాలుగు నెలలు తిరక్కుండా లోగో మాత్రం వచ్చింది.

మా షోకేసులో పాత నల్ల ఫోను ఇంకా ఉంది. ఇరుగుపొరుగు ఎస్టీడీలు కొట్టేస్తున్నారని మా నాన్న దాని డయల్‌కి చిన్న తాళం వేయించాడు. ఆ 4జీ ప్రారంభం రోజు మనవడు దాన్ని కిందికి దింపి, సున్నాలో వేలు పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. తాళం ఇంకా వేసే ఉంది. చెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు.