సెట్ అగుట ఎట్లు?

సంబంధం కుదరాలి, పెరుగు తోడుకోవాలి, చీర నప్పాలి, విరిగిన ఎముక అతుక్కోవాలి, పిల్లాడు స్థిరపడాలి. ఇలా పనికో క్రియ వెతుక్కుంటూ మన పెద్దవాళ్ళు ఎంత శ్రమపడ్డారో తలచుకుంటే జాలేస్తుంది. మీకా తిప్పలు అక్కర్లేదు. ‘సెట్’ అనే ఒక్క మాట నేర్చుకుని మిగతావన్నీ అటకెక్కించేయండి, ఇత్తడి బిందెల పక్కన.

ముందు సరుకు నాణ్యత చూసుకుందాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ఈ బుల్లి మాటదే. 430 అర్థాలని గిన్నెస్ పుస్తకం లెక్కగట్టింది. తర్వాత ‘రన్’ అనే మాట పరుగెత్తుకొచ్చి 645తో దీన్ని దాటేసింది లెండి, అదీ క్రియ ఒక్కటే. అయినా మనకి పనికొచ్చేది ఇదే. పుట్టుక చూస్తే ఇది ఒక మాట కూడా కాదు, రెండు. క్రియేమో ‘కూర్చోబెట్టు’ అనే పాత ఇంగ్లీషు మాట. నామవాచకమేమో లాటిన్‌లో అనుచరగణాన్ని చెప్పే మాట, ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇద్దరూ ఒకే పేరుతో ఒకే ఇంట్లో దిగారు. అప్పటినుంచి సూర్యుడు కుంగినా సెట్టే, జెల్లీ గడ్డకట్టినా సెట్టే. ఇది చాలదన్నట్టు ఇంగ్లీషువాళ్ళు దానికి తోకలు తగిలిస్తారు: సెట్ అప్, సెట్ ఆఫ్, సెట్ ఇన్, సెట్ అసైడ్. తోక మారితే అర్థం మారిపోతుంది. బడిలో వీటిని బట్టీపట్టి, పరీక్షలో ఒకదాని తోక ఇంకోదానికి అంటించి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తెలుగువాళ్ళు ఆ తోకలన్నీ కత్తిరించి పారేశారు. మనకు అయింది, చేశా, వేశారు అనే మూడు ముక్కలు చాలు.

‘అయింది’తో మొదలుపెట్టండి. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, చేసిందెవరో, ఎంతకు చేశారో చెప్పనక్కర్లేదు. ‘ఆ ఫైలు సంగతేమైంది?’ ‘సెట్ అయింది.’ అడిగినవాడు లౌక్యుడైతే రెండో ప్రశ్న వేయడు. ‘చేశా’ అనేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అలారం సెట్ చేశానంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ‘ఇన్‌స్పెక్టరుగారిని సెట్ చేశా’నని పదిమందిలో అనకూడదు. మూడోది, ‘వేశారు’, సినిమావాళ్ళది. చార్మినార్ ఉన్న ఊరి కథ కోసం చార్మినార్ సెట్ వేసిన ఘనులు వాళ్ళు. కావాలంటే 2003లో వచ్చిన ‘ఒక్కడు’ చూడండి. మీరు సినిమా వార్తలు రాసేవారైతే, షూటింగు నట్టడవిలో జరుగుతున్నా సరే చిత్రం ‘సెట్స్ మీదకు’ వెళ్ళిందనే రాయాలి. బహువచనం తప్పనిసరి.

సెట్ దోశ గురించి ఏమీ చెప్పను. అందులో రెండుండాలా మూడుండాలా అన్నది హోటలాయన మనస్సాక్షికి సంబంధించిన విషయం.

ఇక పెళ్ళి. ‘మావాడికి సెట్ అయింది’ అని మీ పెదనాన్న అంటే అది సంబంధం. అదే మాట వాడి రూమ్మేట్ అంటే పెదనాన్నకు ఇంకా తెలియని సంబంధం. కాబట్టి ఎవరు అంటున్నారో చూసుకున్నాకే శుభాకాంక్షలు చెప్పండి. వద్దనుకున్న సంబంధాన్ని తిప్పికొట్టడానికి కూడా ఇంతకన్నా మర్యాదైన మాట లేదు. అబ్బాయి పొట్టి, జీతం అంతకన్నా పొట్టి అని ముఖం మీద ఎలా చెబుతాం? ‘సెట్ కాలేదండీ’ అంటే రెండువైపులా పరువు దక్కుతుంది. లెక్కల పుస్తకంలో సెట్‌ను సమితి అన్నారు. మధ్యవర్తి తెచ్చే సంబంధాలు ఒక సమితి, మీ అమ్మగారికి నచ్చే సంబంధాలు ఇంకో సమితి, ఈ రెండింటి ఛేదనం శూన్య సమితి. పదో తరగతిలో ఈ పాఠం ఎందుకు పెట్టారో నాకు ముప్పయ్యో ఏట తెలిసింది.

పిల్లలు సెట్ కావాలంటే ముందు సెట్ రాయాలి. ఇంజినీరింగుకు ఎంసెట్ (ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు), ఎంబీఏకు ఐసెట్, లాయరుకు లాసెట్, టీచరుకు ఎడ్‌సెట్, డిప్లొమాకు పాలిసెట్. ఇవి దాటుకుంటూ వెళ్ళి కాలేజీలో పాఠం చెబుదామనుకుంటే అక్కడ ఇంకో పరీక్ష ఉంటుంది. దాని పేరు ఉత్త ‘సెట్’. నిజానికి వీటిలో ఏదీ మన సెట్ కాదు, ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అంతే. ఆ తేడా మీ మేనత్తకు వివరించబోకండి. ఆవిడకు కావలసింది ర్యాంకు.

సిమెంటు నయం. మామూలు సిమెంటు 30 నిమిషాలకు ముందు బిగుసుకోవడం మొదలవకూడదని, 600 నిమిషాల్లోపు ఆ పని పూర్తి కావాలని మన దేశంలో ప్రమాణం ఉంది. కుర్రాళ్ళకు అలాంటి దయ ఎవరూ చూపలేదు. హెచ్1బీ వీసా మొదట 3 ఏళ్ళు, పొడిగిస్తే మొత్తం 6, ఆ తర్వాత గ్రీన్‌కార్డు వరుస. ‘మీవాడు సెట్ అయ్యాడా?’ ‘అవుతున్నాడు.’ కొత్త గోడకు నీళ్ళు కొట్టినట్టు, వాడికి ఏడాదికోసారి ఆవకాయ పంపుతూ ఉండాలి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. చివర ‘ఉ’ చేర్చారంటే మీ వయసు బయటపడిపోతుంది. పళ్ళ సెట్టు, టీ సెట్టు, పంపుసెట్టు అనేవాళ్ళకు కనీసం యాభై దాటి ఉంటాయి. రైతులకు మాత్రం ఈ నియమం వర్తించదు, వాళ్ళలో పాతికేళ్ళవాడు కూడా పంపుసెట్టనే అంటాడు.

ఈ విద్యంతా ఔపోసన పట్టినవాణ్ణి గనక, ఉద్యోగం పోయిన నెలలో అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తడుముకోలేదు. ఆవిడ నోట చకారం పలకదు. ఎలా ఉన్నావురా అంది.

“అంతా సెట్ అమ్మమ్మా.”

“ఏం సెట్టురా? యాప సెట్టా, సింత సెట్టా? తిన్నావో లేదో అది సెప్పు.”